గుద్దుకున్నాక ఫోర్క్ పైపులు కొత్తవి వేసినా బండి ఎడమకు లాగుతోంది. ఛాసిస్ వంగిందా, ఎలా తేల్చాలి?

కిక్‌రాడ్ (ప్రశ్న):

150 సీసీ తరగతి బండి. బరువు సుమారు 150 కిలోలు, మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్, 37 మి.మీ. పైపులు, స్టీల్ సింగిల్ డౌన్‌ట్యూబ్ (ఇంజన్ ముందు నుంచి కిందికి ఒకే పైపు దిగే) ఛాసిస్, అల్లాయ్ చక్రాలు. ముందు నుంచి కారు తలుపుకు సూటిగా తగిలింది. ముందు టైరు వెనక్కి వచ్చి ఇంజన్‌కు ఆనింది. రెండు ఫోర్క్ పైపులూ కింది టీ (పైపులను పట్టుకునే కింది బ్రాకెట్) దగ్గర వెనక్కి వంగాయి.

మార్చినవి: రెండు పైపులు, ఆయిల్ సీల్స్, కింది టీ, ముందు చక్రం, యాక్సిల్, స్టీరింగ్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు). ఛాసిస్‌ను కంటితో చూసి "ఏం కాలేదు" అన్నారు. ఇప్పుడు హ్యాండిల్ తిన్నగానే ఉంది, కానీ బండి ఎడమకు లాగుతోంది. వేగం పెరిగితే ముందు భాగం మునుపటికంటే తేలిగ్గా, అటూ ఇటూ ఊగుతున్నట్టు అనిపిస్తోంది.

అడగదలచినవి: పైపులు ఎప్పుడూ అదే చోట ఎందుకు వంగుతాయి? కంటికి కనపడకుండా ఛాసిస్ వంగే అవకాశం ఉందా? పాత పైపులను ప్రెస్ మీద తిన్నగా చేయించి దాచుకోవచ్చా? ఇంట్లో ఉండే సామానుతో ఏమేం కొలవచ్చు?

లోడ్‌పాత్:

మొదటి ప్రశ్న తేలితే మిగతావి సగం తేలినట్టే. అందుకే దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఫోర్క్ పైపును పైన రెండు టీలు పట్టుకుని ఉంటాయి, కింద యాక్సిల్ వైపు కొస వదులుగా ఉంటుంది. గుద్దుకున్నప్పుడు యాక్సిల్ వెనక్కి నెట్టుకుపోతుంది. దానివల్ల పైపులో పుట్టే వంపు బలం యాక్సిల్ దగ్గర సున్నా. పైకి వచ్చేకొద్దీ పెరుగుతూ కింది టీ అంచు దగ్గర గరిష్ఠానికి చేరుతుంది, అక్కడి నుంచి పై టీకి వెళ్ళేసరికి మళ్ళీ సున్నా అవుతుంది. కాబట్టి వంపు ఎప్పుడూ కింది టీకి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందే మొదలవుతుంది. పాత పైపులు ఇంకా మీ దగ్గరే ఉంటే ఆ చోట వేలు పెట్టి చూడండి. వెనక వైపు లోహం నొక్కుకుని చిన్న ఉబ్బో ముడతో తగులుతుంది. ముందు వైపు సాగింది కాబట్టి క్రోమ్ మీద అడ్డంగా సన్నటి గీతలు ఉంటాయి.

బలం ఎంతో ఉజ్జాయింపుగా వేసి చూద్దాం. 37 మి.మీ. పైపు, గోడ మందం 2.5 మి.మీ., స్టీల్ 500 మెగాపాస్కల్స్ దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుందనుకుందాం. ఒక్కో పైపు దాదాపు 1,100 న్యూటన్-మీటర్ల వంపు బలం ఓర్చుకుంటుంది, రెండూ కలిసి 2,200. యాక్సిల్‌కూ కింది టీకీ మధ్య అర మీటరు ఉంటే, యాక్సిల్ మీద సుమారు 4.4 కిలోన్యూటన్లు పడగానే పైపులు వంగడం మొదలవుతుంది. పూర్తిగా మడత పడేలోపు అది 6 దాకా వెళ్ళొచ్చు. టైరు ఇంజన్‌కు ఆనేలోపు యాక్సిల్ ఓ 20 సెంటీమీటర్లు వెనక్కి వచ్చిందనుకుంటే, ఫోర్క్ మింగిన శక్తి దాదాపు 1,200 జౌళ్ళు.

ఇప్పుడు బండి దగ్గర ఉన్న శక్తి చూడండి. 150 కిలోల బండి గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తుంటే 14,500 జౌళ్ళు. ఫోర్క్ అందులో పన్నెండో వంతే తీసుకుంది. 1,200 జౌళ్ళు అంటే ఆ బండికి గంటకు 14, 15 కి.మీ. వేగంతో సమానం. కదలని గోడకు ఆ వేగం లోపల తగిలితే ఫోర్క్ ఒక్కటే వంగి ఛాసిస్ బతికిపోయే అవకాశం ఉంది. అది దాటితే చక్రం ఇంజన్‌కు ఆని, మిగిలిన పనంతా రిమ్, డౌన్‌ట్యూబ్, స్టీరింగ్ హెడ్ (ఛాసిస్ ముందు కొసన ఫోర్క్ తిరిగే పైపు) పంచుకోవాలి. కారు తలుపు లోపలికి నొక్కుకుంటుంది కాబట్టి మీ లెక్క కాస్త మెరుగ్గానే ఉంటుంది. కానీ "టైరు ఇంజన్‌కు ఆనింది" అని మీరే రాశారు. ఆ ఒక్క మాట చాలు, హెడ్ కొలవకుండా పైపులు మార్చి రోడ్డెక్కించకూడదని చెప్పడానికి. పైగా నడిపే మనిషి బరువు ఈ లెక్కలో వేయలేదు. మనిషి ముందుకు జారి ట్యాంకుకు తగిలినప్పుడు ఆ తోపు కూడా ఛాసిస్ మీదే పడుతుంది.

హెడ్ ఎటు తిరుగుతుంది? యాక్సిల్ వెనక్కి పోతుంటే హెడ్ పైపు కింది అంచు వెనక్కి, పై అంచు ముందుకు పోవాలని చూస్తాయి. డౌన్‌ట్యూబ్ నొక్కుకుంటుంది, ట్యాంకు కింద ఉండే మెయిన్ పైపు సాగుతుంది. అందువల్ల డౌన్‌ట్యూబ్ పై భాగంలో, గస్సెట్ ప్లేటు (మూలకు బలం కోసం అతికించే రేకు) కింది అంచు దగ్గర ముడత వస్తుంది. మెయిన్ పైపు హెడ్‌కు అతికే చోట పైన వెల్డింగ్ అంచున పెయింట్ పగులుతుంది. ఆ రెండో చోటు ట్యాంకు కింద దాగి ఉంటుంది. ట్యాంకు తీయకుండా "ఏం కాలేదు" అన్నారంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి.

ఇక మీ లక్షణాల్లో అసలు ఆధారం ఇది. ఫోర్క్ మాత్రమే వెనక్కి వంగితే యాక్సిల్ స్టీరింగ్ అక్షానికి దగ్గరవుతుంది, ఆఫ్‌సెట్ (అక్షానికి యాక్సిల్ ఎంత ముందుందో ఆ దూరం) తగ్గుతుంది, ట్రెయిల్ (ఆ అక్షం నేలను తాకే చోటుకు టైరు ఆనే చోటు ఎంత వెనకుందో ఆ దూరం) పెరుగుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. హెడ్ తిరిగితే దానికి సరిగ్గా విరుద్ధం: రేక్ (స్టీరింగ్ అక్షం నిలువు నుంచి వాలిన కోణం) తగ్గుతుంది, ట్రెయిల్ తగ్గుతుంది, స్టీరింగ్ తేలికై చంచలంగా మారుతుంది. ఉదాహరణకు చక్రం వ్యాసార్ధం 300 మి.మీ., రేక్ 26 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 35 మి.మీ. అయితే ట్రెయిల్ సుమారు 107 మి.మీ. అదే ఫోర్క్‌తో రేక్ 24.5 డిగ్రీలకు వస్తే ట్రెయిల్ 98కి పడిపోతుంది. మీ పైపులు కొత్తవి, అయినా ముందు భాగం తేలికైంది. కాబట్టి అనుమానం నేరుగా హెడ్ మీదికే పోతుంది.

టైర్‌లివర్:

ఛాసిస్ దాకా వెళ్ళేముందు చిన్నవి చూసుకోవాలి కదండి. ముందు టైరు గాలి, టైరు ఒక వైపే అరిగిందా, వెనక చక్రం చెయిన్ అడ్జస్టర్ గుర్తులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, కోన్ సెట్ నట్ మరీ బిగించారా. కోన్ ఎక్కువ బిగిస్తే బండి తనంతట తాను తిన్నబడదు, సందు సందుకూ సవరించాల్సి వస్తుంది. చాలామంది దాన్నే "లాగుతోంది" అంటారు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను మధ్యలోంచి వేలితో తోస్తే దాని బరువుకు అదే చివరిదాకా పడిపోవాలి. ఆగిందంటే బిగువు ఎక్కువ. మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగిందంటే రేసుల (బేరింగ్ బాల్స్ తిరిగే ఉంగరాల) మీద బాల్స్ గుంటలు కొట్టాయి. మీరు కోన్ సెట్ మార్చారు కాబట్టి రెండోది ఉండకూడదు.

ఇంకోటి. చిన్న పడిపోవడాల్లో చాలాసార్లు ఏ పైపూ వంగదు, ఫోర్క్ టీలలో తిరిగిపోతుంది అంతే. చక్రం తిన్నగా ఉంటే హ్యాండిల్ వంకరగా కనిపిస్తుంది. కింది టీ బోల్టులు, యాక్సిల్, మడ్‌గార్డ్ బోల్టులు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి తిన్న చేయాలి. ముందు బ్రేక్ పట్టి నాలుగైదుసార్లు ఫోర్క్‌ను కిందికి నొక్కి వదలాలి, అప్పుడు పైపులు వాటి సహజ స్థానంలో కూర్చుంటాయి. ఆ తర్వాత యాక్సిల్, టీ బోల్టులు, చివరికి మడ్‌గార్డ్ బిగించాలి. టార్క్ ఎంతో ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే వాడండి. ఎం8 పించ్ బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్-మీటర్లు. అంతకుమించి లాగితే అల్యూమినియం టీ చెవి పగులుతుంది.

డయల్‌గేజ్:

టైర్‌లివర్ గారు చెప్పినవి అయిదు నిమిషాల పని, ముందు అవే చేయండి. కానీ అవన్నీ సరిగ్గా ఉన్నా బండి లాగుతుంటే కింది కొలతలు తప్పవు. కావలసినవి: సన్నటి నైలాన్ దారం, టేపు, మందపాటి చదునైన అద్దం ముక్క, డిజిటల్ యాంగిల్ గేజ్, ఇటుకలో స్టాండులో. నేల చదునుగా ఉంటే మంచిది, లేకపోతే ప్రతి కోణమూ వెనక చక్రంతో పోల్చి చూడాలి.

మొదట ఫోర్క్. ముందు చక్రం, మడ్‌గార్డ్ విప్పండి. యాక్సిల్‌ను ఒక కాలులోంచి రెండో కాలులోకి చేత్తో తోయండి. సుత్తి లేకుండా జారిపోవాలి. ఎక్కడైనా పట్టేసిందంటే కాళ్ళు సమాంతరంగా లేవు. తర్వాత రెండు టీల మధ్య పైపుల మీద అద్దం ముక్క ఆనించి నాలుగు మూలలూ వేలితో నొక్కండి. కటకట ఆడిందంటే రెండు పైపులు ఒకే తలంలో లేవు, అంటే టీలు మెలిపడ్డాయి. మీరు కింది టీ మార్చారు, పై టీ మార్చినట్టు రాయలేదు. పై టీ వంగడం చాలా తేలిగ్గా కంటినుంచి తప్పించుకుంటుంది, ఎందుకంటే దాని మీద మీటర్లు, తాళం, హ్యాండిల్ అన్నీ కప్పేసి ఉంటాయి. దాన్ని విప్పి అద్దం మీద బోర్లా పెట్టి చూడండి.

తర్వాత దారం. బండిని నిటారుగా నిలబెట్టండి. దారాన్ని వెనక టైరు వెనకవైపు చుట్టి, రెండు కొసలూ ముందుకు తెచ్చి, నేల నుంచి ఒక జానెడు ఎత్తులో, వెనక టైరు ముందంచును కూడా తాకుతూ తాకనట్టు స్టాండులకు కట్టండి. వెనక టైరు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ముందు టైరుకు రెండు వైపులా ఖాళీ మిగులుతుంది. ముందు టైరు ముందంచు, వెనకంచు దగ్గర ఖాళీ సమానమయ్యేదాకా హ్యాండిల్ తిప్పి, అప్పుడు ఎడమ ఖాళీ, కుడి ఖాళీ కొలవండి. రెండూ ఒకటిగా లేకపోతే ముందు చక్రం పక్కకు జరిగింది. ఇక్కడ తొందరపడకండి. కొన్ని బళ్ళు ఫ్యాక్టరీలోనే కొద్ది మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి. అందుకే ఈ కొలత ఒక్కదానితో తీర్పు ఇవ్వకూడదు.

తీర్పు ఇచ్చేది వాలు. యాంగిల్ గేజ్‌ను వెనక రిమ్‌కు నిలువుగా ఆనించి సున్నా చేయండి, తర్వాత హ్యాండిల్ తిన్నగా ఉంచి ముందు రిమ్‌కు ఆనించండి. చక్రం గానీ యాక్సిల్ గానీ వంగకుండా అర డిగ్రీ మించి తేడా వచ్చిందంటే హెడ్ పక్కకు ఒరిగింది.

రేక్ కోసం గేజ్‌ను ఫోర్క్ పైపు మీద, పొడవునా ఆనించండి. మామూలు బళ్ళలో ఫోర్క్ స్టీరింగ్ అక్షానికి సమాంతరంగానే ఉంటుంది కాబట్టి అదే రేక్. నేల వాలును అందులోంచి తీసేయండి. బండి మీద బరువు లేకుండా, రెండు చక్రాలూ నేల మీద ఉండాలి. వెనక షాకబ్ సెట్టింగ్ మారితే ఈ కోణం కూడా మారుతుందని గుర్తుంచుకోండి. అందుకే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) బోల్టు మధ్య నుంచి ముందు యాక్సిల్ మధ్య వరకు ఎడమన, కుడిన దూరం కూడా కొలిచి, అదే మోడల్ దెబ్బతినని బండితో పోల్చడం ఇంకా నమ్మకం. మొత్తం వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ళ మధ్య దూరం) కొలిస్తే చెయిన్ అడ్జస్టర్ తేడా కలుస్తుంది.

పాత పైపుల విషయం. వాటిని వి-బ్లాకుల మీద పెట్టి మధ్యలో డయల్ ముల్లు ఆనించి తిప్పండి. ముల్లు మొత్తం ఎంత కదిలిందో అందులో సగమే అసలు వంపు. చాలా సర్వీస్ మాన్యువల్స్‌లో హద్దు 0.2 మి.మీ., అంటే ముల్లు 0.4 కదిలేంత. డయల్ లేకపోతే అద్దం మీద దొర్లించి కింద ఫీలర్ గేజ్ దూర్చండి. తిన్నగా చేయించడం గురించి తయారీదారులు వద్దనే చెప్తారు. కారణం ఉంది. ప్రెస్ మీద తిరిగి వంచినప్పుడు లోహం రెండోసారి ప్లాస్టిక్ దశలోకి వెళ్తుంది. అదే దిశలో తర్వాత వచ్చే దెబ్బకు అది ముందుకంటే తక్కువ బలానికే లొంగుతుంది. క్రోమ్ చిట్లి సీల్‌ను కోస్తుంది. ముడత ఉన్న పైపు అయితే దాచడం కూడా దండగ, ముక్కలు కోసి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు వేసేసుకుంటారు.

కిక్‌రాడ్:

కొలిచాను. టైరు గాలి, చెయిన్ గుర్తులు, కోన్ బిగువు సరిగ్గానే ఉన్నాయి. యాక్సిల్ చేత్తో జారింది. పై టీ అద్దం మీద ఆడలేదు, పైపుల మీద అద్దం కూడా ఆడలేదు. దారం: ముందు టైరుకు ఎడమ ఖాళీ 6 మి.మీ., కుడి 14. రిమ్ వాలు: వెనకది సున్నా చేస్తే ముందుది ఎడమకు 1.1 డిగ్రీ. మాన్యువల్ ప్రకారం రేక్ 26 డిగ్రీలు, నాకు వచ్చింది 24.4. అదే మోడల్ ఇంకో బండితో పోలిస్తే స్వింగ్ ఆర్మ్ బోల్టు నుంచి ముందు యాక్సిల్ వరకు ఎడమన 22, కుడిన 19 మి.మీ. తక్కువ.

ట్యాంకు తీశాను. గస్సెట్ ప్లేటు మీద అడ్డంగా అలలాంటి గీత ఒకటి పెయింట్ కింద కనిపిస్తోంది. హెడ్ వెనక పై వెల్డింగ్ అంచున పెయింట్ సన్నగా చీలింది. అది పెయింటేనా, లోహమా తెలియడం లేదు.

లోడ్‌పాత్:

మీ అంకెలు ఒకదానికొకటి సరిపోతున్నాయి, అందుకే నమ్మొచ్చు. రేక్ 1.6 డిగ్రీ తగ్గింది. వంగిన చోటు నుంచి యాక్సిల్ వరకు ముప్పావు మీటరు వేసుకుంటే యాక్సిల్ 21 మి.మీ. వెనక్కి రావాలి. మీకు 19, 22 వచ్చాయి. ఖాళీల లెక్కన చక్రం ఎడమకు 4 మి.మీ. జరిగింది. అది ఒక్కటే అయితే పట్టించుకునేవాణ్ణి కాదు, కానీ ఎడమకే 1.1 డిగ్రీ వాలు కూడా ఉంది. టైరు ఎటు వాలితే అటు పక్కకు తోస్తుంది, మీరు చెప్పిన ఎడమ లాగుడు అదే. దెబ్బ నూటికి నూరు శాతం సూటిగా పడలేదు, కొంచెం కోణంలో పడి హెడ్‌ను మెలిపెట్టింది.

ఇలా వీల్‌బేస్ ఎంత తగ్గిందో చూసి గుద్దిన వేగాన్ని అంచనా వేసే పద్ధతి ప్రమాదాల విశ్లేషణలో ఉంది. 1970లో సెవరీ, బ్రింక్, బ్లేస్డెల్ బళ్ళను కార్లకు గుద్దించి చేసిన పరీక్షలను ఇప్పటికీ ఉదహరిస్తారు. మీ బండికి దాన్ని వాడబోకండి. పైపులు మార్చేశాక మిగిలింది హెడ్ కదలిక మాత్రమే, పాత పైపుల వంపు కూడా కలిపితేనే లెక్క.

వెల్డ్‌టో:

పెయింటా లోహమా అన్నది డై పెనెట్రంట్‌తో (పగుల్లోకి దూరే రంగుతో) తేలుతుంది. మూడు స్ప్రేల కిట్ ఉంటుంది: క్లీనర్, ఎర్ర రంగు, డెవలపర్. ముందు ఆ చోట పెయింట్‌ను కెమికల్ రిమూవర్‌తో తీయండి. గ్రైండర్ గానీ ఇసుక బ్లాస్టింగ్ గానీ వాడకండి, పగులు నోరు మూసుకుపోతుంది. క్లీనర్‌తో జిడ్డు పూర్తిగా పోగొట్టి ఆరనివ్వండి. ఎర్ర రంగు కొట్టి 10 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత పొడి గుడ్డతో తుడిచి, చివర క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. క్లీనర్‌ను నేరుగా పైన కొట్టారో, పగుల్లో ఉన్న రంగు కూడా కడిగేసుకుపోతుంది, అంతా బాగుందని మోసపోతారు. ఇప్పుడు డెవలపర్‌ను పల్చగా, తెల్లటి పొర కనిపించేంత మాత్రమే కొట్టి పది నిమిషాలు చూడండి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్ర గీత వెల్డింగ్ అంచు వెంబడి ఊరుతుంది. చుక్కలు చుక్కలుగా వస్తే వెల్డింగ్‌లో గాలి బుడగలు కావచ్చు, గీత అయితే పగులే.

వెల్డింగ్ బీడ్ మధ్యలో పగలడం తక్కువ. పగిలేది బీడ్ ఎక్కడ ముగిసి పైపు ఎక్కడ మొదలవుతుందో ఆ అంచున. అక్కడ ఆకారం ఒక్కసారిగా మారుతుంది, వేడికి లోహం గుణమూ మారి ఉంటుంది. ఇవాళ మిల్లీమీటరు ఉన్న పగులు ప్రతి బ్రేకుకూ, ప్రతి గతుకుకూ కొంచెం కొంచెం సాగుతుంది. హెడ్ దగ్గర అది చివరిదాకా వెళ్ళిందంటే ముందు చక్రం బండితో విడిపోయినట్టే.

గస్సెట్ మీద అల కనిపించిందంటే పగులు ఉన్నా లేకపోయినా నా సలహా ఒకటే, ఛాసిస్ మార్చండి. స్టీల్ ఛాసిస్‌ను జిగ్ (కదలకుండా పట్టే చట్రం) మీద బిగించి, హెడ్ పైపులో మాండ్రెల్ (లావాటి కడ్డీ) దూర్చి, హైడ్రాలిక్ జాక్‌తో చల్లగానే లాగి తిన్నగా చేయడం నిజంగా జరిగే పనే. డిగ్రీ లోపు వంపులకు, ముడత లేని పైపులకు అది బాగానే కుదురుతుంది. లోహం వదలగానే కొంత వెనక్కి వస్తుంది కాబట్టి అవసరానికి మించి లాగి వదలాలి, మళ్ళీ కొలవాలి, మళ్ళీ లాగాలి. కానీ ముడత పడిన చోటు పలుచని గోడ పైపుకైనా రేకుకైనా కీలులా తయారవుతుంది. తిన్నగా చేశాక కొలతలు అద్దంలా వస్తాయి, బలం మాత్రం తిరిగి రాదు. రెండోసారి చాలా తక్కువ దెబ్బకే అదే గీత మీద మడతపడుతుంది. ఎవరైనా గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాల్చి లాగుతామంటే బండి తీసుకుని వచ్చేయండి.

ట్విన్‌స్పార్:

ఇదే చర్చలో ఒక అనుబంధ ప్రశ్న. అల్యూమినియం ఛాసిస్, యూఎస్‌డీ (తలకిందులుగా అమర్చిన) ఫోర్క్ ఉన్న బళ్ళలో ఈ క్రమం ఇలాగే ఉంటుందా? అక్కడ పైపు వంగకుండానే హెడ్ పోతుందని విన్నాను.

లోడ్‌పాత్:

క్రమం మారుతుంది. మామూలు ఫోర్క్‌లో కింది టీ పట్టుకునేది సన్నటి లోపలి పైపును. యూఎస్‌డీలో టీలు పట్టుకునేది లావాటి బయటి ట్యూబును, 50 మి.మీ. పైచిలుకు వ్యాసం ఉంటుంది. వంపు బలం ఎక్కువగా ఉండే చోటే లోహం లావుగా ఉండడం బ్రేకింగ్‌లో గొప్ప సుగుణం. గుద్దుకున్నప్పుడు మాత్రం అది లొంగదు, బలాన్ని అలాగే హెడ్‌కు చేరవేస్తుంది. మామూలు ఫోర్క్ ఫ్యూజులా ముందు కాలిపోయి ఛాసిస్‌ను కొంత కాపాడుతుంది, యూఎస్‌డీలో ఆ ఫ్యూజు రేటింగ్ పెంచేసినట్టు. స్టీల్ కమ్యూటర్ ఛాసిస్‌కు పెద్ద బండి యూఎస్‌డీ అతికించేవాళ్ళు ఈ సంగతి ఆలోచించరు.

యూఎస్‌డీకి దెబ్బ తగిలితే మూడు చోట్ల చూడాలి. బయటి ట్యూబు కింది టీ అంచు దగ్గర కనపడని పగులు. లోపలి పైపు బయటి ట్యూబులోంచి వెలుపలికి వచ్చే చోట వంపు, ఇది ఫోర్క్ నొక్కినప్పుడు పట్టేయడంగా తెలుస్తుంది. మూడోది అడుగున యాక్సిల్‌ను పట్టుకునే పోత అల్యూమినియం ముక్క, బ్రేక్ కాలిపర్ బిగించేది కూడా దానికే. అది వంగదు, చిట్లుతుంది.

గుద్దుకునే ముందు గట్టిగా బ్రేక్ పట్టి ఉంటే ఏ ఫోర్క్‌కైనా ఇంకో మలుపు ఉంది. ఫోర్క్ కిందికి నొక్కుకుని పొట్టిదవుతుంది, యాక్సిల్‌కూ కింది టీకీ మధ్య దూరం తగ్గుతుంది. అదే పైపును వంచడానికి ఇప్పుడు ఎక్కువ బలం కావాలి, ఆ ఎక్కువంతా హెడ్ మీదకు పోతుంది. పైపులు కొంచెమే వంగాయి కాబట్టి దెబ్బ చిన్నదని అనుకోవడం అందుకే తప్పు.

వెల్డ్‌టో:

అల్యూమినియం గురించి రెండు ముక్కలు. స్టీల్ పైపు వంగి, ముడత పడి, సాగి, చివరికి చిరుగుతుంది. దారి పొడుగునా గుర్తులు వదులుతుంది. పోత అల్యూమినియం హెడ్ చాలా తక్కువ వంపుతోనే పగులుతుంది. దాన్ని వెల్డింగ్ చేసి వాడడం ప్రమాదం. 6061 లాంటి వేడితో గట్టిపరిచిన మిశ్రమాన్ని వెల్డింగ్ చేస్తే పక్క లోహం బలం దాదాపు సగానికి పడిపోతుంది, మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేనే తిరిగి వస్తుంది. ఫ్యాక్టరీ ఆ పని చేస్తుంది, వీధి వర్క్‌షాపు చేయలేదు. స్టీల్‌కు వాడే మాగ్నెటిక్ పరీక్ష అల్యూమినియం మీద పనిచేయదు, డై పెనెట్రంట్ ఒక్కటే తేలిక దారి.

ఇలాంటి బళ్ళలో పక్కకు పడినప్పుడు కూడా స్టీరింగ్ స్టాపర్ చూడండి. హ్యాండిల్ చివరిదాకా విసురుగా తిరిగి, కింది టీ మీది కొమ్ము హెడ్ మీది కొమ్మును గుద్దుతుంది. అక్కడ చిన్న చెక్కు లేచినా ఛాసిస్ మొత్తాన్ని అనుమానించాలి. హ్యాండిల్ పిడి ట్యాంకుకు తగిలి సొట్ట పడిందంటే స్టాపర్ దాటి తిరిగిందని అర్థం.

కిక్‌రాడ్:

డై కొట్టాను. పై వెల్డింగ్ అంచున 12 మి.మీ. ఎర్ర గీత వచ్చింది. ఛాసిస్ మార్చడమే. పాత ఛాసిస్ నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు ఇంకా ఏమేం చూసుకోవాలి?

డయల్‌గేజ్:

ఛాసిస్ నంబరు సాధారణంగా హెడ్ మీదే కొట్టి ఉంటుంది కాబట్టి కాగితాల పని ముందే మొదలుపెట్టండి, పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

పని విషయానికొస్తే, అనుమానించాల్సింది ఇంజన్. టైరు దానికి ఆనింది. ఇంజన్ మౌంటింగ్ చెవులు, ముఖ్యంగా డౌన్‌ట్యూబ్‌కు బిగించే ముందువి, క్రాంక్‌కేసుతో కలిపి పోతపోసినవి. వాటి చుట్టూ డై కొట్టండి. ఆయిల్ చెమ్మ ఉంటే ముందే అనుమానించాలి. సైలెన్సర్ బెండ్ పైపు నొక్కుకుని ఉంటే సిలిండర్ హెడ్ దగ్గర స్టడ్లు సాగి ఉండొచ్చు, వాటిని చూడండి. ఏబీఎస్ ఉంటే సెన్సర్ రింగ్ పళ్ళు, సెన్సర్ ఖాళీ. ముందు డిస్క్‌ను డయల్‌తో తిప్పి చూడండి. కాలిపర్ బ్రాకెట్ బోల్టులు మళ్ళీ వాడకండి.

కొత్త కోన్ సెట్ రేసులు కొత్త హెడ్ పైపులో పూర్తిగా కూర్చున్నాయో లేదో మోగే శబ్దంతో తెలుస్తుంది. కొడుతున్నప్పుడు డప్పు చప్పుడు ఆగి గట్టి లోహపు మోత వస్తే కూర్చున్నట్టు. పక్కకు కూర్చుంటే కొన్ని వందల కిలోమీటర్లకే వదులవుతుంది.

ఇంజన్ ఎక్కించేటప్పుడు మౌంటింగ్ బోల్టులన్నీ ముందు చేత్తో దూర్చి, ఏదీ బిగించకుండా వదులుగా ఉంచండి. స్వింగ్ ఆర్మ్ బోల్టుతో సహా అన్నీ దూరాకే మాన్యువల్ చెప్పిన వరసలో టార్క్ పెట్టండి. ఏ బోల్టైనా చేత్తో దూరక సుత్తి అడుగుతోందంటే కొత్త ఛాసిస్‌ను తప్పుపట్టే ముందు ఆ వైపు క్రాంక్‌కేసు చెవి వంగిందేమో కొలవండి. మీ బండికి దెబ్బ తగిలిన దిశను బట్టి చూస్తే ఆ బోల్టు ముందు కిందిదే అయ్యే అవకాశం ఎక్కువ.